చంద్రపూర్ వెదురు, చిచ్‌పల్లి శిక్షణకేంద్రం

ఒకప్పుడు చాందాగా వ్యవహరించబడి, 1982లో గడ్‌చిరోలి విడిపోయేవరకు సిరొంచ ప్రాంతపు తెలుగు పల్లెల దాకా విస్తరించి ఉన్న చంద్రపూర్ జిల్లాలో, అడవి నుంచి వచ్చిన వెదురుకు రెండు గమ్యాలుండేవి. ఒకటి మరాఠీవారు బురుడ్‌లని, తెలుగువారు మేదరులని పిలిచే వృత్తిదారుల వాకిలి. రెండవది 1945లో స్థాపితమైన బల్లార్‌పూర్ కాగితపు మిల్లు. మేదరి పచ్చి బొంగును నిలువునా చీల్చి, కణుపులు చెక్కి, సన్నని బద్దలు తీసి తట్టలు, చేటలు అల్లేవాడు. మిల్లులో అదే బొంగు ముక్కలై, రసాయనాల్లో ఉడికి గుజ్జయ్యేది. మిల్లుకు కావలసింది నరికి కట్టలు కట్టే కూలీలే కనుక, దశాబ్దాలు గడిచినా ఆ పని అడవి పల్లెలకు కొత్త నేర్పును ఇవ్వలేదు.

మహారాష్ట్ర ప్రభుత్వం 2014లో చిచ్‌పల్లిలో నెలకొల్పిన వెదురు పరిశోధన, శిక్షణకేంద్రం ఈ వెలితిని పూడ్చడానికే పుట్టింది. బల్లార్‌పూర్ శాసనసభ్యుడు, నాటి ఆర్థిక, అటవీశాఖల మంత్రి సుధీర్ ముంగంటివార్ దానికి రాజకీయ దన్నుగా నిలవగా, సంచాలక బాధ్యత అటవీ సేవాధికారులకు దక్కింది. స్థానిక యువతకు, మహిళలకు వెదురు వస్తువుల తయారీ నేర్పి, ఆ పనినే జీవనాధారంగా మలచడం దాని ఆశయం. 2021 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం కేంద్రానికి భారీ నష్టం కలిగించింది.

అయితే చేతికి నేర్పు వచ్చినంత మాత్రాన బొంగు చేతికి రాదు. 1927 నాటి భారత అటవీ చట్టం, వృక్షశాస్త్రం గడ్డిజాతిగా గుర్తించే వెదురును చెట్ల జాబితాలో చేర్చినందువల్ల, దాన్ని నరకడానికీ తరలించడానికీ అటవీశాఖ అనుమతి తప్పనిసరైంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా, అంటే అడవివాసులు సేకరించి అమ్ముకోదగిన కలపేతర ఫలసాయంగా గుర్తించింది. పొరుగున ఉన్న గడ్‌చిరోలి జిల్లాలోని మెండా-లేఖా గ్రామసభ 2011లో ఆ హక్కుతోనే తన వెదురును తానే అమ్ముకుంది. అడవికి వెలుపల పెంచిన వెదురుకు చెట్టు నిర్వచనం నుంచి మినహాయింపు 2017లో గాని రాలేదు. తరతరాలుగా అనుమతుల తాళంచెవి పట్టుకున్న శాఖకే శిక్షణ నాయకత్వం కూడా దక్కినందువల్ల, ఎందరికి పని నేర్పిందనే లెక్కతో పాటు, నేర్చుకున్నవారికి సరసమైన ధరకు ఏటా బొంగు అందేలా చూసిందా అన్న ప్రశ్నకు కూడా ఆ శాఖే జవాబుదారీ.