రిజర్వు పోలీసు వ్యయభారం ఎవరిది? - చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంత నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

అవసరమైనప్పుడు రంగంలోకి దించడానికి సిద్ధంగా ఉంచే సాయుధ పోలీసు బలగం రిజర్వు పోలీసు. దాని నియామకానికి, పోషణకు అయ్యే వ్యయం ఎప్పుడూ ప్రజలదే. అయితే ఆ వ్యయం ఏ రూపంలో, ఏ వర్గం మీద పడిందన్నది కాలాన్ని బట్టి మారింది. భూమి, వెట్టి, జరిమానా పన్ను, చౌక నియామకం అనే నాలుగు రూపాలలో ఈ మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రిజర్వు పోలీసు, పాయిగా, వెట్టి, కొండా వెంకట రంగారెడ్డి, చేవెళ్ల, మొయినాబాద్.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు నుండి మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు పోయే రహదారిపై ‘అప్పా’ కూడలి ఉంది. అది ఊరి పేరు కాదు. 1986లో హిమాయత్‌సాగర్ వద్ద ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పోలీసు అకాడమీ ఆంగ్లనామంలోని తొలి అక్షరాల కూర్పు. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు చెందిన ఆ సంస్థ, 1920 నుండి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా పనిచేసిన రాజాబహదూర్ వెంకటరామారెడ్డి పేరును ధరించింది.

ఠాణా పోలీసు పని రోజూ కనిపిస్తుంది. ఫిర్యాదు, దర్యాప్తు, గస్తీ ప్రజల ఎరుకలోనివి. ఖజానా కాపలా, ఖైదీల తరలింపు, బందోబస్తు వంటి విధులు నిర్వహించే జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వు పరిస్థితి వేరు. అక్కడ చెల్లించేది చేసిన పనికి మాత్రమే కాదు, సన్నద్ధతకు కూడా. అల్లర్లు జరగని ఏడాదిలోనూ జీతం, శిక్షణ, ఆయుధం, నివాసం తప్పవు. ఈ స్వభావం వల్లనే ఆ ఖర్చును ఖజానా లెక్కలలోంచి తప్పించి మరొకరి మీదికి నెట్టాలన్న ఆలోచన పాలకులకు పదేపదే కలిగింది.

2. భూమి రూపంలో వ్యయం:

ఆసఫ్‌జాహీల కాలంలో సిద్ధ బలగానికి మూల్యం భూమి. రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ కాలంలో స్థిరపడిన పాయిగా వ్యవస్థ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. నిజాం అంగరక్షణకు అశ్వదళాన్ని పోషించాలన్న షరతుపై పాయిగా ప్రభువులకు విశాలమైన జాగీర్లు లభించాయి. చేవెళ్లకు పడమర దిక్కున ఉన్న వికారాబాదుకు పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా వల్లనే ఆ పేరు వచ్చింది.

ఈ పద్ధతిలో దళాల జీతం ప్రభుత్వ వ్యయపట్టికలో కనిపించదు. కాని రైతు కట్టిన శిస్తు ఖజానాకు చేరకముందే దళపోషణ పేరిట ఆగిపోతుంది. దళం తగ్గినా, విలాసం పెరిగినా జాగీరు మాత్రం వంశపారంపర్యంగా కొనసాగింది. షరతు సడలిపోయింది గాని మూల్యం ఆగలేదు.

3. వెట్టి రూపంలో వ్యయం:

మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ అమలు చేసి, జీతాలపై పనిచేసే పోలీసు శాఖకు రూపమిచ్చాడు. జిల్లా పోలీసుపై మొహతమీము అధికారి అయ్యాడు. గ్రామంలో మాత్రం వంశపారంపర్య హక్కుగల పోలీసు పటేలే ప్రభుత్వానికి ప్రతినిధి.

జీతం ఖజానా నుండి వచ్చినా మకాం ఖర్చు ఊరి మీదే పడింది. అమీను గాని, జవాన్ల దళం గాని ఊరిలో దిగితే కుమ్మరి కుండలు తేవాలి, గొల్ల గొర్రెను ఇవ్వాలి, చాకలి, మంగలి సేవ చేయాలి, కోమటి సరుకులు అందించాలి, వెట్టి మాదిగ మూటలు మోసి పొరుగూరికి చేర్చాలి. ఈ చాకిరికి చాలాచోట్ల వేతనం లేదు. ఆ రోజు కోల్పోయిన కూలి ఏ దస్త్రానికీ ఎక్కలేదు.

1921లో ఏర్పడిన ఆంధ్రజన సంఘం, దాని నుండి ఎదిగిన ఆంధ్రమహాసభ వెట్టి నిర్మూలనను ప్రధాన సమస్యగా స్వీకరించాయి. నేటి మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారంలో 1890లో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డి 1936లో షాద్‌నగర్‌లోను, 1943లో హైదరాబాదులోను జరిగిన మహాసభలకు అధ్యక్షుడు. 1978లో ఏర్పడిన జిల్లా ఆయన పేరుతోనే వ్యవహారంలోకి వచ్చింది. వెట్టి వ్యతిరేక ఉద్యమాన్ని సాధారణంగా దొరతనంపై పోరాటంగా చూస్తారు. అది ప్రభుత్వోద్యోగుల ఖర్చును గ్రామం ఎందుకు భరించాలన్న ఆర్థిక ప్రశ్న కూడా.

4. జరిమానా రూపంలో వ్యయం:

ఇదే కాలంలో బ్రిటిష్ ఇండియాలో ఈ భారం చట్టరూపం దాల్చింది. 1861 నాటి పోలీసు చట్టం 15వ సెక్షను, కల్లోలిత ప్రాంతంగా ప్రకటించిన చోట అదనపు పోలీసులను నిలిపి, ఆ ఖర్చును అక్కడి నివాసులనుండే వసూలు చేయడానికి వీలు కల్పించింది. 17వ సెక్షను స్థానికులనే ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించడానికి అవకాశమిచ్చింది. తగిన కారణం లేకుండా నిరాకరిస్తే 50 రూపాయల వరకు జరిమానా ఉండేది. నిజాం రాజ్యంలో ఊరు చాకిరితో చెల్లించిన దానిని ఇక్కడ ఊరు రొక్కంతో చెల్లించింది.

5. చౌక నియామకం రూపంలో వ్యయం:

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత తెలంగాణ గ్రామాలలోకి మలబారు స్పెషల్ పోలీసు వంటి బయటి సాయుధ బలగాలు వచ్చాయి. 1949 ఆగస్టు 15న వెలువడిన జాగీర్ల రద్దు నిబంధన, బలగానికి భూమిని మూల్యంగా ఇచ్చే పద్ధతికి ముగింపు పలికింది. రాజ్యాంగం పోలీసును రాష్ట్రాల జాబితాలో చేర్చడంతో ఈ వ్యయం శాసనసభ ఆమోదించే పద్దు అయింది. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ కూడా రద్దయింది.

అయినా తక్కువ ఖర్చుతో బలగం కావాలన్న కోరిక పోలేదు. ఛత్తీస్‌గఢ్‌లో నెలకు 3000 రూపాయల గౌరవ వేతనంపై ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, స్వల్పకాల శిక్షణతో సాయుధ పోరులోకి దించారు. నందినీ సుందర్ కేసులో 2011 జులై 5న సుప్రీంకోర్టు ఈ నియామకాలు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని తీర్పిచ్చింది. తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తులలో ఒకరైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి రంగారెడ్డి జిల్లాలోని ఆకుల మైలారం గ్రామస్థుడు. ఇక్కడ ఖజానాకు మిగిలిన సొమ్ముకు బదులుగా పణంగా పెట్టింది నియమితుల ప్రాణాలను.

6. ముగింపు:

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి.

(1) రిజర్వు బలగం వ్యయం సన్నద్ధతకు చెల్లించే మూల్యం. దానిని దాచవచ్చు గాని తొలగించలేరు.

(2) లెక్కలలో దాగిన వ్యయం బలహీనుల మీద పడింది. జాగీరులో రైతు, మకాంలో వెట్టివాడు, కల్లోలిత ప్రాంతంలో నివాసి, చౌక నియామకంలో ఆదివాసీ యువకుడు దానిని భరించారు.

(3) తగిన జీతం, తగిన శిక్షణ, శాసనసభ ఆమోదించిన పద్దు అనే మూడూ ఉన్నప్పుడే ఆ ఖర్చు ఎంత, ఎందుకు అని అడిగే అవకాశం పౌరునికి ఉంటుంది.

ఒకనాడు జవాను మూట మోసిన మనిషికి ఆ ప్రశ్న అడిగే చోటు లేదు. అప్పా కూడలి దాటి మొయినాబాద్, చేవెళ్లల వైపు సాగే నేటి పౌరునికి ఆ చోటు ఉంది. పద్దులోని అంకె పెద్దదిగా కనిపించినంత మాత్రాన భారం పెరిగినట్లు కాదు. పూర్వం ఊరు మోసిన బరువులో కొంత ఇప్పుడు లెక్కకు వచ్చిందని కూడా దానిని అర్థం చేసుకోవాలి.