సమాధి లేనివారు



ఈస్టరుకు ముందు రోజు మా ఊరి సమాధుల తోటలో అందరం కలుపు పీకి, సమాధులకు సున్నం వేసుకుంటాం. మా సంఘంలో ఒక మామ్మకు మాత్రం సున్నం వేయడానికి సమాధి లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నాలుగేళ్ళ కొడుకు ఆమె చేతిలోంచి జారిపోయాడు. శవం దొరకలేదు. మొన్న ఆమె మమ్మల్ని అడిగింది: "అయ్యగారూ, సమాధే లేనోడు ఏ సమాధిలోంచి లేస్తాడండీ?"

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం తీయబోయి ఆగాము. ఆ అధ్యాయం మా కంటే ఆమెకే బాగా కంఠతా వచ్చు.

ఇదే ప్రశ్నను సంఘం ఒకసారి నది ఒడ్డున ఎదుర్కొంది. క్రీ.శ. 177లో, మార్కస్ అరీలియస్ చక్రవర్తి కాలంలో, నేటి ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో క్రైస్తవుల మీద జనం తిరగబడ్డారు. తొంభై ఏళ్ళు దాటిన బిషప్పు పొథీను దెబ్బలు తిని చెరసాలలో చనిపోయాడు. బ్లాండీనా అనే దాసి తట్టుకోలేదేమోనని ఆమె యజమానురాలే భయపడింది; చివరికి కొట్టేవాళ్ళే అలసిపోయారు. సుమారు పదిమంది మాత్రం క్రీస్తును ఎరుగమని బొంకారు. వారిలో చాలామంది తరువాత తిరిగి ఒప్పుకొని ప్రాణాలు ఇచ్చారు.

చంపడంతో శత్రువులకు తృప్తి కలగలేదు. శవాలను ఆరు రోజులు బయట పడవేసి, కాల్చి, బూడిదను రోన్ నదిలోకి ఊడ్చేశారు. వీళ్ళు తిరిగి లేస్తామనే ఆశతోనే చావుకు భయపడటం లేదు, ఇప్పుడెలా లేస్తారో చూద్దాం అన్నారట. మన నమ్మిక ఎక్కడుందో వాళ్ళకు బాగానే తెలుసు!

మిగిలినవారు ఆసియా, ఫ్రుగియ సంఘాలకు ఒక ఉత్తరం వ్రాశారు. చరిత్రకారుడు యుసేబియసు దానిలో చాలా భాగం భద్రపరిచాడు. అందులో హతసాక్షుల ధైర్యం ఎంత ఉందో, బ్రతికినవారి దుఃఖమూ అంతే దాపరికం లేకుండా ఉంది. తమవారిని మట్టిలో పెట్టుకోలేకపోయామని ఏడ్చారు. రాత్రివేళ ప్రయత్నించారు, డబ్బు ఇవ్వజూపారు, బతిమాలారు. కావలివారు వినలేదు. పునరుత్థానాన్ని నమ్మినవారికి శవం మీద ఇంత ఆరాటం ఎందుకని కొందరు అనవచ్చు. మేము అలా అనము.

పొథీను తరువాత అక్కడ బిషప్పు అయినవాడు ఐరేనియసు. కొన్నేళ్ళకే ఆయన దుర్బోధలకు విరోధంగా అయిదు పుస్తకాలు వ్రాశాడు. ఈసారి సందేహం బయటి గుంపుది కాదు. ఆత్మ రక్షింపబడితే చాలు, మాంసం ఎందుకు అనే క్రైస్తవ పేరుగలవారిది. అయిదవ పుస్తకంలో ఆయన జవాబు మా పొలం మాటలా ఉంటుంది. అసలు లేని మనిషిని మంటిలోంచి చేసినవానికి, ఒకసారి ఉండి మంటిలో కలిసినవాణ్ణి మళ్ళీ లేపడం ఎక్కువ కష్టమా? ఆ నది పారే ఊరివాడు వ్రాసిన మాట కాబట్టి మాకు అది వట్టి వాదంగా అనిపించదు.

ఆ సాయంత్రం ఇదంతా మామ్మకు చెప్పాము. బ్లాండీనా గురించి ఏమీ అనలేదు.

"శవాల కోసం డబ్బులు కూడా ఇస్తామన్నారాండీ?"

"అన్నారమ్మా. ఇవ్వలేదు."

కాసేపు ఊరుకుంది. "మేమూ వారం రోజులు వెతికామండీ" అంది.