మ్యాథ్స్ డిగ్రీకి ముద్ర ఎవరు వేయాలి? గుత్తిలో మొదలైన కథ

త్రిపురారం నుంచి పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కే ఇద్దరు స్టూడెంట్స్‌ని ఊహించుకోండి. ఒకరిది బీటెక్, ఇంకొకరిది బీఎస్సీ మ్యాథ్స్. బీటెక్ అమ్మాయి "మా బ్రాంచికి ఎన్‌బీఏ ఉంది" అంటుంది. "మరి మా మ్యాథ్స్‌కి ఏముంది?" అని బీఎస్సీ అబ్బాయి అడిగితే జవాబు ఒక్కటే. ఏమీ లేదు. ఎందుకు లేదు అన్నదే ఈ రోజు ఎపిసోడ్.

ముందు ఎన్‌బీఏ సంగతి. ఇది 1994లో ఏఐసీటీఈ కింద మొదలైంది, 2010లో స్వతంత్ర సంస్థ అయింది. కాలేజీ మొత్తాన్ని కాదు, ఒక్కో కోర్సును విడిగా చూసి ముద్ర వేస్తుంది. 2014లో మన దేశం వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తి సభ్యురాలైంది కాబట్టి, ఆ ముద్రల్లో కొన్నిటికి బయటి దేశాల్లో కూడా విలువ ఉంది. (టీమ్ వస్తోందంటే ల్యాబులకు కొత్త రంగులు పడతాయి. బీటెక్ చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు.) అయితే ఎన్‌బీఏ చూసేది ఇంజినీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ లాంటి కోర్సులనే. బీఎస్సీ మ్యాథ్స్ ఆ లిస్టులో లేదు.

ఇంగ్లండ్‌లో ఉంది. అక్కడ 1964లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమేటిక్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్ పెట్టారు. 1990లో దానికి రాయల్ చార్టర్ వచ్చింది. యూనివర్సిటీల మ్యాథ్స్ డిగ్రీలను అది పరిశీలించి గుర్తింపు ఇస్తుంది. ఆ డిగ్రీ చదివి, కొన్నేళ్లు పని చేసినవాళ్లు 'చార్టర్డ్ మ్యాథమేటీషియన్' అవ్వచ్చు. మన చార్టర్డ్ అకౌంటెంట్ లాగా అనుకోండి.

మరి మన దగ్గర మ్యాథ్స్ వాళ్లకు సంఘం లేదా అంటే, ఉంది. ఇంగ్లండ్ వాళ్ల ఆ సంస్థ కంటే చాలా పాతది. పైగా దాని పుట్టుక మన తెలుగు నేల మీదే! అనంతపురం జిల్లా గుత్తిలో వి. రామస్వామి అయ్యర్ అని ఒక డిప్యూటీ కలెక్టర్ ఉండేవారు. లెక్కలంటే ప్రాణం. కానీ గుత్తిలో కూర్చుంటే విదేశీ మ్యాథ్స్ జర్నల్స్ ఎలా దొరుకుతాయి? 1906 డిసెంబర్‌లో ఆయన దేశంలోని లెక్కల మిత్రులకు ఉత్తరం రాశారు: తలా కొంత డబ్బు వేసుకుని పుస్తకాలు, జర్నల్స్ తెప్పించుకుందాం, ఒకరి తర్వాత ఒకరం చదువుకుందాం. 1907లో అనలిటిక్ క్లబ్ పుట్టింది. అదే తర్వాత ఇండియన్ మ్యాథమేటికల్ సొసైటీ. మనం సబ్‌స్క్రిప్షన్ తీసుకుని పాస్‌వర్డ్ పంచుకుంటాం కదా, ఇంచుమించు అదే ఐడియా.

ఇక్కడే అసలు తేడా పడింది. సొసైటీ పుట్టింది పుస్తకాల కొరత తీర్చడానికి. డిగ్రీలను కొలవాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రావాల్సిన అవసరమే లేదు. 1857లో పెట్టిన మద్రాస్ యూనివర్సిటీ పాఠాలు కాలేజీలకు వదిలేసి, పరీక్ష తను పెట్టేది. ఆ పరీక్షే ముద్ర. మన నల్లగొండ వైపు నిజాం రాజ్యం. 1918లో వచ్చిన ఉస్మానియాలో లెక్కలు కూడా ఉర్దూలోనే చెప్పేవారు. వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే ఇంకో భాష, ఇంకో యూనివర్సిటీ, ఇంకో పరీక్ష. రెండు వైపులా ముద్ర మాత్రం యూనివర్సిటీదే.

ఆ ముద్ర ఉంటే చాలా? సి.ఆర్. రావు గారిని చూడండి. ఆయన స్కూల్ చదువులో కొంత నందిగామలో సాగింది, మన కోదాడ నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద ఊరే. ఆంధ్రా యూనివర్సిటీ నుంచి మ్యాథ్స్ ఎం.ఏ. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే ఆ ఉద్యోగం రాలేదు. 1941 జనవరిలో అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. గమనించండి, అప్పటికి ఆ ఇన్‌స్టిట్యూట్‌కి డిగ్రీ ఇచ్చే అధికారమే లేదు! 1959 చట్టంతో గానీ అది రాలేదు. కాబట్టి ఆయన 1943లో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. కలకత్తా యూనివర్సిటీ నుంచి తీసుకోవాల్సి వచ్చింది. పని నేర్పింది ఒక చోట, కాగితం ఇచ్చింది ఇంకో చోట.

ఇప్పటికి వద్దాం. బీఎస్సీ మ్యాథ్స్‌కి దగ్గరగా ఉన్న ముద్ర న్యాక్ గ్రేడ్. యూజీసీ 1994లో పెట్టింది, బెంగళూరులో ఉంది. కానీ అది కాలేజీకి ఇచ్చే గ్రేడ్. మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ అద్భుతంగా ఉన్నా, లెక్చరరే లేకపోయినా అదే గ్రేడ్. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. టీచర్ అవ్వాలంటే బీఈడీ చేయాలి, ఆ కాలేజీకి ఎన్‌సీటీఈ గుర్తింపు కావాలి. అంటే ప్రొఫెషనల్ ముద్ర పడేది టీచింగ్ మీద, లెక్కల మీద కాదు.

ఇది ఎమ్మెస్‌కి వెళ్దామనుకునేవాళ్లకు గట్టిగా తగులుతుంది. మన బీఎస్సీ మూడేళ్లు, అమెరికా డిగ్రీ నాలుగేళ్లు. డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు మూడేళ్ల డిగ్రీని పోల్చేటప్పుడు కాలేజీ న్యాక్ గ్రేడ్ కూడా చూస్తాయి. ఎంత బాగా లెక్కలు చేశావన్నదానితో పాటు, నీ కాలేజీ ఆఫీసు న్యాక్ ఫైలు సరిగ్గా పెట్టిందా లేదా అన్నది కూడా నీ అప్లికేషన్‌లో భాగమైపోతుంది.

కాబట్టి దోస్త్‌లో ఆప్షన్ పెట్టే ముందు న్యాక్ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు కొట్టి చూడండి. గ్రేడ్ పక్కనే అది ఎప్పటిదాకా చెల్లుతుందో కూడా చూడండి, మామూలుగా ఐదేళ్లే. తర్వాత ఆ కాలేజీలో చదువుతున్న సీనియర్ని ఒక్క మాట అడగండి: మ్యాథ్స్ క్లాసు రోజూ జరుగుతుందా?