తుప్పు కింద ఉక్కు

పాత మంగలికత్తి చేతికొస్తే అందరూ ముందు వాదర మీద వేలు పెడతారు. చూడాల్సింది తోక దగ్గర. పిడికీ అలుగుకీ నడుమ, వేలు ఆనే చోట, చేసినవాడి ముద్ర ఉంటుంది. విశాఖ గాలిలో ఉప్పు కదా, తుప్పు ఆ అక్షరాల్లోనే ముందు గూడు కడుతుంది. కిరసనాయిలులో ఒక రాత్రి నానేసి గుడ్డతో రుద్దితే ఒక్కో అక్షరం తేలుతుంది. షెఫీల్డ్ అని, లేదంటే జర్మనీలోని జోలింగెన్ అని. 1933లో హార్బరు తెరిచేదాకా ఈ ఊరికి వచ్చిన ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి, సరుకు పడవల మీద దిగేది. సీమ సరుకు చేరింది అలాగే.

కొన్ని అలుగుల మీద 'సిల్వర్ స్టీల్' అని కూడా ఉంటుంది. వెండి దొరుకుతుందని ఆశపడకండి. ఆ ముద్ర వెనక కథ మాత్రం మనవైపు నుంచే మొదలవుతుంది.

1794లో బొంబాయి నుంచి డాక్టర్ హెలినస్ స్కాట్ లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి ఈ దేశపు ఉక్కు పంపాడు. మరుసటేడు జార్జ్ పియర్సన్ దాని మీద రాసిన పత్రంలో పేరు 'వూట్జ్' అని అచ్చయింది. కన్నడంలోనూ తెలుగులోనూ ఉన్న 'ఉక్కు' మాటకే ఆ అవతారమని పండితులంటారు. స్ట్రాండ్ వీధిలో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కుకి దాసోహమయ్యాడు. ఐరోపా ఉక్కులన్నిటికన్నా ఇదే మేలని, దీనితోనే గడ్డం కత్తులు చేస్తానని తన దుకాణం చీటీ మీదే వేసుకున్నాడు. ఆ గుట్టు పట్టాలని అతనితో కొలిమి దగ్గర కూర్చున్నవాడు మైకేల్ ఫారడే! ఇద్దరూ ఉక్కులో ప్లాటినం, రోడియం, వెండి కలిపి చూశారు. వెండి పాలు ఐదువందల్లో ఒక వంతు. 1822లో ఆ ఫలితాలు వెలువడ్డాక షెఫీల్డ్ వాళ్లకి 'సిల్వర్ స్టీల్' మంచి బేరమైంది. కలిపినవాళ్లు కొందరైతే ముద్ర వేసుకున్నవాళ్లు ఎందరో.

అదే కాలంలో సర్వే శాఖ వైద్యుడు హెన్రీ వాయిసీ నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండటం చూశాడు. రెండు చోట్ల ఇనుము కలిపి, మూస నోరు మట్టితో మూసి, కొలిమిలో పెట్టేవారు. కొనడానికి పర్షియా వ్యాపారులు ఆ ఊరిదాకా వచ్చి కూర్చునేవారు. ఆయన రాత 1832లో, ఆయన పోయిన ఎనిమిదేళ్లకి అచ్చయింది.

1966లో ఉక్కు కర్మాగారం కోసం జనం ప్రాణాలొడ్డి అడిగిందీ ఆ 'ఉక్కు' మాటతోనే: విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు. అయితే ఇక్కడి కర్మాగారంలో తయారయ్యే కమ్మీతో గడ్డం గీయలేం. కమ్మీలో కార్బన్ పావు శాతం లోపే, వంగాలి కాబట్టి. కత్తికి ఒక శాతమైనా కావాలి, నిలవాలి కాబట్టి.

ఈ గట్టిదనమే బాగుచేసేవాడికి పరీక్ష. పాలిష్ యంత్రం దగ్గర పెడితే నిమిషంలో అద్దంలా మెరుస్తుంది, నిజమే. కానీ వాదర వెంట్రుకంత పలచన. వేడెక్కి నీలిరంగు తిరిగిందంటే పదును పోయినట్టే, ఎన్ని రాళ్ల మీద నూరినా నిలవదు. అందుకే అలుగుని చెక్కకి ఆనించి, తడి ఎమ్రీ కాగితంతో, గరుకు నుంచి నునుపుకి చేత్తో రుద్దాలి. లోతైన గుంటల్ని వదిలేయడమే నా పద్ధతి. అవీ పోవాలని పట్టుబడితే ముద్ర కూడా చెరిగిపోతుంది. ఆ తర్వాత అది ఎవరి కత్తో చెప్పేదెవరు?

నూరడం తేలికని కాదు గాని, కత్తి తనే దారి చూపిస్తుంది. వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనితే కోణం దానంతటదే కుదురుతుంది. అందుకే వెన్ను అంత లావు. వెయ్యి నంబరు రాయి మీద మొదలుపెట్టి ఎనిమిది వేల దాకా, వాదర ముందుకి. తోలుపట్టీ మీద మాత్రం వెన్ను ముందుకి, లేకుంటే తోలు తెగుతుంది. యాభై అరవై సార్లు. ముంజేతి మీద వెంట్రుక చర్మాన్ని తాకకుండానే తెగితే చాలు.

గడ్డం అయ్యాక పొడిగా తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రాసి మడవాలి. మరిచిపోతే వానాకాలంలో వారం తిరక్కుండానే ముద్ర దగ్గర మళ్లీ ఎర్రమచ్చ.