నేతగాండ్ర కుక్క

కుక్కకు చరిత్రమేమని కొందఱు నవ్వవచ్చును. నన్నయభట్టారకుని భారతమున కథారంభముననే జనమేజయుని తమ్ములు నిష్కారణముగా నొక కుక్కపిల్లను కొట్టుటయు, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీయుటయు మనము చదువుకొన్నవే. కుక్క మాట వినదగినది కాదని ఆ కవి తలపలేదు. కావున ఇంగ్లండు దేశపు కుక్కజాతి యొకదానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు మేము సంకోచింపము.

యార్క్‌షైరు టెరియరు అనునది రమారమి మూడు కిలోలు తూగు చిన్న కుక్క. పుట్టినప్పుడు నల్లగా నుండి, పెరిగిన కొలది వీపుమీది వెండ్రుకలు ఉక్కువంటి నీలిచాయకును, తలమీదివి బంగారుచాయకును తిరుగును. ఆ వెండ్రుకలు పట్టువలె మెత్తనై నేలను తాకునంతవరకు పెరుగును. నేడు హైదరాబాదు, విశాఖపట్టణములలో పలు అంతస్తుల భవనములలో కాపురముండువారు దీనిని ముచ్చటపడి పెంచుచున్నారు. నుదుటి జుట్టునకు రిబ్బను కట్టి యొడిలో కూర్చుండబెట్టుకొన్న యీ ప్రాణిని చూచిన వారెల్లరు ఇది రాణివాసమున పుట్టినదని యనుకొందురు. మేమును చాలకాలము అట్లే యనుకొంటిమి. దీనిని పుట్టించినవారు రాణులు కారు. మగ్గములయొద్దను బొగ్గుగనులలోను రెక్కలు ముక్కలు చేసికొన్న కూలిజనులు.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున యార్క్‌షైరు పడమటి భాగమునందలి హడర్స్‌ఫీల్డు, హాలిఫాక్సు, బ్రాడ్‌ఫర్డు, లీడ్సు పట్టణములు ఉన్నిబట్టల మిల్లులతో క్రిక్కిఱిసి యుండెను. ఆవిరియంత్రము చేతిమగ్గమును మూలకు త్రోసినది. స్కాట్లండునుండి నేతగాండ్రు పనులు వెదకికొనుచు పెండ్లాము బిడ్డలతో ఈ పట్టణములకు వలస వచ్చిరి. (మగ్గము మూలబడిన నేతగాడు ఊరు విడుచుట యెట్టిదో మన సీమలో చెప్పవలసిన పని లేదు.) వచ్చుచు తమ కుక్కలను గూడ వెంట తెచ్చుకొనిరి. అవి పొడవు వెండ్రుకలు గల పొట్టి టెరియర్లు. ఆ కుక్కలకును యార్క్‌షైరునందలి స్థానికపు టెరియర్లకును కలిగిన సంతానమే నేటి యీ జాతికి మూలము. మాల్టా ద్వీపపు తెల్లకుక్క రక్తము గూడ ఇందు కలిసినదని పలువురు చెప్పుదురు. ఏ కుక్కను దేనితో జతపఱచిరో ఆ కూలివారు వ్రాసిపెట్టలేదు. వారిలో పెక్కుమందికి అక్షరములు రావు. వచ్చినవారికి తీరిక లేదు. నేడు తాతముత్తాతల పేర్లు చూపి వేల రూపాయలకు అమ్మబడు నీ కుక్కకు మూలపురుషు లెవ్వరో తెలియక పోవుటలో కొంత న్యాయమున్నదని మాకు తోచును.

టెరియరు అను పేరునకు మూలము భూమి యను అర్థముగల లాటిను శబ్దము. బొరియలోనికి దూఱి జంతువును పట్టునది గనుక ఆ పేరు కలిగినది. మిల్లులోను, గనిలోను, కూలివారి యిఱుకుటిండ్లలోను ఎలుకలు కోకొల్లలు. ఈ చిన్న కుక్క గోడసందులలో దూఱి వానిని పట్టుచుండెను. దాని పొట్టితనము అలంకారము కాదు, పనిముట్టు. తిండి తక్కువ, చోటు తక్కువ, చేసెడి పని యెక్కువ. పేదవానికి అంతకన్న తగిన కుక్క యేది?

పని యున్నచోటనే పాపమును నుండెను. సారాయి దుకాణములలో గోతులు కట్టి, వానిలో ఎలుకలను విడిచి, ఏ కుక్క యెంత త్వరగా ఎన్నిటిని చంపునోయని పందెములు కాయుట ఆనాటి వినోదము. ఎద్దులపైకిని ఎలుగుబంట్లపైకిని కుక్కలను ఉసికొల్పు క్రీడలను 1835 లో చట్టముచే మాన్పించిరి గాని, ఎలుకల పక్షమున వాదింప నెవ్వరును ముందుకు రాలేదు. రెండున్నర కిలోల బరువుగల 'టైనీ' యను మఱియొక జాతి చిన్న టెరియరు లండనులో గంట లోపల 200 ఎలుకలను చంపెనని 1840 ల చివర గొప్పగా చాటిరి. అట్టి కీర్తిని మేము పొగడజాలము. నేడు ఒడిలో నిదురించు కుక్క నరములలో ఆ గోతి వేగమింకను చావలేదని మాత్రము గుర్తింపవలయును.

కుక్కల ప్రదర్శనములు ఆరంభమైనంతనే ఈ కథ మలుపు తిరిగినది. మొదట దీనిని స్కాచి టెరియరనియే పిలిచెడివారు. 1870 లో నొక ప్రదర్శనమును చూచిన ఆంగస్ సదర్లండు అను పత్రికావిలేఖరి, ఈ జాతిని ఇంతగా బాగుచేసినవారు యార్క్‌షైరువారు గనుక దీనిని యార్క్‌షైరు టెరియరనియే పిలువవలెనని వ్రాసెను. ఆ పేరే నిలిచినది. అప్పటికి హడర్స్‌ఫీల్డున 1865 లో పుట్టిన 'బెన్' అను కుక్క ప్రసిద్ధికెక్కి యుండెను. బ్రాడ్‌ఫర్డునందలి శ్రీమతి ఫాస్టరు దానిని పెంచినది. ప్రదర్శనములలో బహుమానములు గెలుచుటేగాక, ఎలుకల పందెములలోను అది పేరు పొందెను. 1871 సెప్టెంబరులో, ఆరేండ్ల ప్రాయముననే, బండి క్రింద పడి చచ్చిపోయినది. బెన్ ఈ జాతి పిల్లలకన్న పెద్దది. కాని దాని పిల్లలు చిన్నవై పుట్టెడివి. నేటి యార్క్‌షైరు టెరియర్లకెల్ల దానిని పితామహునిగా చెప్పుదురు.

అటుపిమ్మట ధనికుల యిండ్ల స్త్రీలు ఈ కుక్కలను కోరజొచ్చిరి. కుక్క యెంత చిన్నదైన, వెండ్రుక యెంత పొడవైన అంత వెల. ఆ వెండ్రుకలు గూడ మగ్గముమీద నేసినవేయని లోకులు పరిహసించిరట. పరిహాసములో నిజము లేకపోలేదు. దారమునందలి నునుపును చేతివ్రేళ్లతో ఎఱిగినవాడు కుక్కవెండ్రుకలోని నునుపును గూడ ఎన్నుకొనగలడు. కూలివానికి ఇందువలన నాలుగు కాసులు దొరికినవి. వానిని మేము నిందింపము. కాని 'ఇంకను చిన్నది, ఇంకను చిన్నది' యను కొన్నవారి చాపల్యమునకు హద్దు లేకపోయెను. లాంకషైరునందలి బ్లాక్‌బర్నులో ఈ జాతిదే యొక కుక్క 113 గ్రాములు మాత్రమే తూగి, లోకమున మిక్కిలి చిన్న కుక్కయని పుస్తకములకెక్కినది. అది 1945 లో చచ్చిపోయెను. అప్పటికి దానికి రెండేండ్లు నిండలేదు. సరిగా పెంచిన యార్క్‌షైరు టెరియరు పదమూడేండ్లు, అంతకెక్కువయు బ్రదుకును. నేటి అంగళ్లలో 'టీకప్పు కుక్క' యని పేరు పెట్టి అమ్ముచున్నారు. అట్టి జాతి వేఱుగా లేదు. పెరుగనీయని కుక్కయే యున్నది. అందము పేరిట దీని తోకను సగము కోయు నాచారము గూడ చిరకాలము సాగెను. ఇంగ్లండులో 2007 నుండి దానిని నిషేధించిరి.

ఈ ప్రాణి సత్తువను చాటిన కథ యొకటి రెండవ ప్రపంచయుద్ధమున నడచినది. 1944 లో న్యూగినీ యడవిలో, సైనికులు త్రవ్వి విడిచిన గోతిలో, రెండు కిలోలైనను తూగని యార్క్‌షైరు టెరియరొకటి దొరికెను. విలియం విన్ను అను అమెరికా సైనికుడు దానిని రెండు ఆస్ట్రేలియా పౌనులకు కొని 'స్మోకీ' యని పేరు పెట్టెను. అదెవరిదో, ఆ యడవికెట్లు వచ్చెనో తెలియలేదు. 1945 లో ఫిలిప్పీను దీవులలోని లింగాయెను విమానస్థావరమున, రన్‌వే క్రింద డెబ్బది అడుగుల పొడవుగల సన్నని తూములో టెలిఫోను తీగెను నడిపింపవలసి వచ్చెను. నేల త్రవ్వినచో విమానములును మనుష్యులును మూడు దినములు శత్రువుల బాంబులకు బయలుపడి యుందురు. స్మోకీ మెడపట్టీకి తీగెతో ముడిపెట్టిన దారమును కట్టిరి. అది తూములో దూఱి, యజమానుడు అవతలినుండి పిలువగా, మన్ను పేరుకొన్న చోట్లను దాటి తీగెతో బయటికి వచ్చెను. ఆసుపత్రులలో గాయపడినవారి మంచములయొద్దను తిరిగి వారిని సంతోషపెట్టిన యీ కుక్క 1957 లో చనిపోయెను. యార్క్‌షైరు నేతగాడు ఎలుకబొరియకై పుట్టించిన గుణమే ఆ తూములో పనిచేసినది.

ఈ చరిత్రమును మేము తవ్వుకొనుటకు కారణమొకటి కలదు. మా వీథిలో నొక సంపన్నగృహస్థుడు కూతురు కోరగా ఇట్టి కుక్కను కొనితెచ్చెను. దానిని బాలకృష్ణునివలె అలంకరించిరి. పగలెల్ల సోఫాకాలికి గొలుసుతో కట్టిరి. అది లాగుకొన్నప్పుడెల్ల బాతు కూసినట్లు దగ్గెడిది. జలుబనుకొని తేనెయు తులసిరసమును పోసిరి. తుదకు చూచిన పశువైద్యుడు, ఈ జాతికి ఊపిరిగొట్టము మెత్తన, మెడపట్టీ దానిని నొక్కుచున్నదని చెప్పి, ఱొమ్ముచుట్టు వచ్చు పట్టీ వేయించెను. పాలపళ్లు ఊడక నిలిచి, వానిప్రక్కనే క్రొత్తపళ్లు మొలచియుండగా వానిని తీసివేసి, దినమును పళ్లు తోమవలెనని చెప్పెను. చిక్కులుపడిన వెండ్రుకల క్రింద చర్మము పుండుపడియుండెను; దినదినము దువ్వుటకు తీరికలేనివారు పొట్టిగా కత్తిరించుట మేలు. పిల్లగా నున్నప్పుడు కడుపు మాడినచో నెత్తురులో చక్కెర తగ్గి మూర్ఛపోవును గనుక కొంచెము కొంచెముగా పలుమాఱు పెట్టవలెను. ద్రాక్షపండ్లు, ఉల్లి, చాకొలెట్టు దీనికి విషములు. మన వేసవిలో ఎండ ముదురక మునుపే త్రిప్పి తేవలెను.

ఆ యమ్మాయి ఇప్పుడు తెల్లవాఱుజామున దానిని మా బడిదాక నడిపించుకొని వచ్చుచున్నది. రిబ్బను లేదు, జుట్టు పొట్టిగా కత్తిరించిరి. మొన్న మా బడి కొట్టుగదిలో బియ్యపుబస్తాల వెనుక నేదో గీఱుచున్న చప్పుడు కాగా, ఆ కుక్క చెవులు నిక్కించి, నేలకు ముక్కానించి, పిల్ల యెంత పిలిచినను కదలక అరగంటసేపట్లే నిలిచియుండెను.