ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం: తేదీ చూసి కాదు, పదును చూసి విత్తుకోండి

మన ప్రాంతం పడమటి కనుమల వానచాటున ఉంది. నైరుతి మేఘాలు కనుమల అవతలే ఎక్కువగా కురిసి ఇటు వచ్చేసరికి పలచబడతాయి. అందుకే మనది అల్ప వర్షపాత మండలం. ఏడాదికి కురిసేది 500–750 మి.మీ. మాత్రమే. అదీ సమంగా పడదు. తొలకరికి విత్తిన మొలక ఎండితే మళ్లీ విత్తనానికి అప్పు తప్పదు. పంట పోయి పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు వలస వెళ్లే కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో.

జూన్–జులై (మృగశిర నుంచి పుష్యమి వరకు): ఒక్క జల్లుకే విత్తనం వేయకండి. నల్లరేగడిలో పత్తికి 60–75 మి.మీ., ఎర్ర నేలల్లో వేరుశనగకు 50–60 మి.మీ. వాన పడ్డాకే విత్తుకోవాలి. నిటారు డబ్బాను ఆరుబయట ఉంచి స్కేలుతో కొలవండి. సెంటీమీటరు నీరుంటే 10 మి.మీ. వాన, అంటే ఎకరాకు సుమారు 40 వేల లీటర్లు. జులై మూడో వారానికీ పదును కాకపోతే పత్తి మానుకుని కంది, ఆముదం, కొర్ర వేసుకోవడం మేలు. కొర్ర 80–90 రోజుల్లో కోతకు వస్తుంది. ఆ చేనులోనే తర్వాత శనగ వేసుకోవచ్చు.

ఆగస్టు (ఆశ్లేష, మఖ): రెండు మూడు వారాలు వాన మొహం చాటేయడం మామూలే. గుంటక తోలితే నేల పగుళ్లు మూసుకుని తేమ నిలుస్తుంది. నాలుగైదు సాళ్లకు ఒక గొడ్డు సాలు తీస్తే తర్వాతి వాన నీరు చేనులోనే ఇంకుతుంది. పైరు వాడిపోతుంటే లీటరు నీటికి 20 గ్రా. యూరియా కలిపి చల్లపూట పిచికారి చేయాలి.

సెప్టెంబరు–అక్టోబరు (ఉత్తర నుంచి స్వాతి వరకు): మన వానల్లో పెద్ద భాగం ఈ కాలానిదే. 2009 అక్టోబరు మొదట్లో మంత్రాలయం మునిగిన వరదను మరవకూడదు. పత్తి చేనులో నిలిచిన నీటిని వెంటనే తీసేయాలి. మొక్కలు వడలితే లీటరు నీటికి 3 గ్రా. కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ల దగ్గర పోయాలి. తీసిన పత్తిని బాగా ఆరబెట్టండి. తేమ 8 శాతం దాటితే సీసీఐ ధరలో కోత పెడుతుంది. 12 శాతం మించితే కొనదు.

అక్టోబరు–నవంబరు: నల్లరేగడిలో నిల్వ ఉన్న తేమతోనే శనగ పండుతుంది. నవంబరు రెండో వారంలోపు విత్తుకోవాలి. ఆలస్యమైతే గింజ పాలుపోసుకునే వేళకు ఎండ ముదిరి తాలు గింజలు పెరుగుతాయి.

ఏప్రిల్–మే: వేసవి జల్లు పడగానే వాలుకు అడ్డంగా లోతు దుక్కి చేసుకోవాలి. తర్వాత పడే వాన అంతా నేలలోకి ఇంకుతుంది.

వాన రాకడ మన చేతిలో లేదు. పడిన వానను కొలవడం, నిలుపుకోవడం మన చేతిలో ఉంది. వానల వివరాలకు మేఘదూత్ యాప్ చూడండి. సందేహాలుంటే మీ రైతు సేవా కేంద్రాన్ని గానీ, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ సంప్రదించండి.