కొల్లేటి సీమ ఇంటిపేర్లు

ఊరి పేరే ఇంటిపేరు కావడం తెలుగువాళ్ళందరిలోనూ ఉన్నదే. అయినా ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం, కైకలూరు నడుమ కొల్లేటి చుట్టూ పరుచుకున్న పల్లపు సీమలో ఈ అలవాటు మరీ చిక్కగా కనిపిస్తుంది. ఇక్కడి మండలాల పటం ముందేసుకుని పల్లెల పేర్లు పైకి చదివితే శుభలేఖలు చదువుతున్నట్టే ఉంటుంది. కలిదిండి, కొవ్వలి, కోపల్లె, పోణంగి, కాళ్ళకూరు, ముదునూరు, నిడమర్రు, కాస్త ఎగువన నిడదవోలు. వీటిలో ప్రతి ఊరి పేరూ ఎవరో ఒకరి ఇంటిపేరే.

పెళ్ళిపందిట్లో పరిచయం లేని ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే మాట మొదలయ్యేది దీనితోనే. "మీ ఇంటిపేరేంటండీ?" "కాళ్ళకూరి వారమండి." "ఏ ఊరి కాళ్ళకూరి వారండీ?" రెండో ప్రశ్నను గమనించాలి. కాళ్ళకూరి వారిది కాళ్ళకూరే అనుకుంటే ఆ ప్రశ్నకు తావే లేదు. ఇంటిపేరులోని ఊరు వేరు, మనిషి కాపురముంటున్న ఊరు వేరు అన్నది అడిగేవారికీ, చెప్పేవారికీ ముందే తెలుసు.

ఇంటిపేరు ఎలా తయారైందో చెప్పేది వ్యాకరణం. 'ఇంటిపేరు' అన్న మాటనే చూడండి. 'ఇల్లు పేరు' అనం, 'ఇంటి పేరు' అంటాం. ఒక పేరు మరో పేరుతో సంబంధం కలుపుకోవాలంటే తెలుగులో దాని చివర మారుతుంది. ఊరు ఊరి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది, చెయ్యి చేతి అవుతుంది. ఈ ఇ, టి, తి అనే మూడింటికీ వ్యాకరణవేత్తలు పెట్టిన పేరు ఔపవిభక్తికాలు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రంగా చదివి చాలామంది మరిచిపోయిన ఈ సంగతి కొల్లేటి సీమలో ఇంటింటి గుమ్మం మీదా కనిపిస్తుంది.

మొదటిది 'ఇ'. ఏలూరు ఏలూరి అయింది, కాళ్ళకూరు కాళ్ళకూరి అయింది, ముదునూరు ముదునూరి అయింది. రెండోది 'టి'. పాడు చివరనున్న ఊళ్ళన్నీ ఇంటిపేర్లలో పాటి అవుతాయి. పశ్చిమగోదావరి జిల్లా కాళ్ళ మండలంలో ఏలూరుపాడు అనే ఊరుంది. దాని నుంచి వచ్చిన రూపం ఏలూరిపాటి. పండితుడు ఏలూరిపాటి అనంతరామయ్య ఇంటిపేరు అదే. ఆ ఒక్క పేరులో రెండు మార్పులూ ఉన్నాయి: లోపలి ఏలూరు 'ఇ' పుచ్చుకుంది, చివరి పాడు 'టి' పుచ్చుకుంది. కొల్లేరు కొల్లేటి కోట, కొల్లేటి గట్టు అయ్యేదీ ఈ 'టి' తోనే. మూడోది 'తి'. మర్రు మర్తి అవుతుంది, పర్రు పర్తి అవుతుంది. ఏలూరు జిల్లాలో మండల కేంద్రమైన నిడమర్రు ఇంటిపేరులో నిడమర్తి.

ఇక పేరు చివర ముందే ఇకారమో, ఎకారమో ఉంటే మార్చాల్సిన పని లేదు. కలిదిండి, కొవ్వలి, పోణంగి, కోపల్లె ఉన్నవి ఉన్నట్టే ఇంటిపేర్లయ్యాయి. నిడదవోలు వారు కూడా తమ ఊరి పేరు చివర ఉకారాన్ని అలాగే ఉంచుకున్నారు.

మరాఠీవాళ్ళు ఊరి పేరుకు 'కర్' చేరుస్తారు. గోవాలోని మంగేశి నుంచి మంగేష్కర్ అలాగే వచ్చింది. అది పూర్తయిన మాట, ఆ ఊరివాడు అని అర్థం. తెలుగు ఇంటిపేరు అలా పూర్తి కాదు. 'ఏలూరి' అనగానే ఏలూరి ఏమిటి, ఏలూరి ఎవరు అని చెవి తర్వాతి మాట కోసం చూస్తుంది. ఆ ఖాళీని మనిషి పేరైనా నింపాలి, 'వారు' అన్న మాటైనా నింపాలి. తెలుగులో ఇంటిపేరు మనిషి పేరుకు ముందు నిలబడటానికి కారణం ఇదే. అది మర్యాద కోసం పెట్టుకున్న వరస కాదు, భాష అడిగే వరస.

ఊళ్ళో ఉన్నంతకాలం ఆ ఊరి పేరు ఎవరికీ ఇంటిపేరు కాదు. కలిదిండిలో నలుగురూ కలిదిండి వాళ్ళే అయినప్పుడు ఆ మాటతో ఒకరిని గుర్తుపట్టేదెలా? అక్కడినుంచి బయల్దేరి మరో ఊళ్ళో స్థిరపడ్డాకే, అక్కడివాళ్ళు "ఆ కలిదిండి వాళ్ళు" అని పిలవడం మొదలుపెట్టాకే, అది ఇంటిపేరుగా నిలుస్తుంది. ఈ పేర్లు చెప్పేది పుట్టుక కన్నా ఎక్కువగా వలసనే. కరువుకో, వరదకో, మాన్యానికో, ఉద్యోగానికో కదిలిన ఒక కుటుంబం చిరునామా తరతరాలుగా పేరు ముందు నిలిచిపోయింది.

పేరున్న వాళ్ళను తీసుకున్నా ఇదే కనిపిస్తుంది. వరకట్నం మీద 'వరవిక్రయం' నాటకం రాసిన కాళ్ళకూరి నారాయణరావు 1871లో పుట్టింది కాళ్ళకూరులో కాదు, మత్స్యపురిలో. వెయ్యి నవలలు రాసి, రైలు ప్రయాణాల్లో జనం చేత తెలుగు చదివించిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు 1912లో పుట్టింది తణుకులో. ఆయన ఇంటిపేరున్న ఊరు ఏలూరు పక్కన దెందులూరు మండలంలో ఉంది. భరతుడి నాట్యశాస్త్రాన్ని తెలుగు చేసి, 'తెలుగు నాటక వికాసం' రాసిన పోణంగి శ్రీరామ అప్పారావు ఇంటిపేరు ఏలూరును ఆనుకున్న పోణంగిని తలపిస్తుంది. కాళ్ళ మండలంలో కోపల్లె ఉంటే, కోపల్లె హనుమంతరావు పేరు బందరు ఆంధ్ర జాతీయ కళాశాల వ్యవస్థాపకుడిగా నిలిచింది. ఏలూరి అన్న ఇంటిపేరు పర్చూరు శాసనసభ్యుడు ఏలూరి సాంబశివరావు పేరుతో ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఎక్కువగా వినిపిస్తోంది.

ఈ పేర్లన్నిటిలో కలిదిండి దగ్గర కాసేపు ఆగాలి. కొల్లేటికి దక్షిణపు దిక్కున, 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లాలో ఉండి, ఆ రోజున కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరిన మండలమిది. భీమవరం, ఉండి, కాళ్ళ, ఆకివీడు ప్రాంతాల రాజుల కుటుంబాల్లో కలిదిండి ఇంటిపేరు తరచుగా వినిపిస్తుంది. ముదునూరి, కనుమూరి, అల్లూరి వంటివి కూడా ఊరి పేరు పోలిక ఉన్నవే. అల్లూరి సీతారామరాజు వారిది భీమవరం దగ్గరి మోగల్లు. ఆయన పేరు ముందున్న ఊరు మాత్రం మోగల్లు కాదు.

కలిదిండి పేరుకు రాగిరేకుల సాక్ష్యం ఉంది. నన్నయ చేత భారతాన్ని తెనిగింపజేసిన తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడి శాసనాల్లో ఒకటి కలిదిండి శాసనంగా చరిత్రకారులకు సుపరిచితం. వేంగి గద్దె కోసం పశ్చిమ చాళుక్యులతో పోరు సాగుతున్న రోజులవి. రాజరాజు తల్లి కుందవ్వ చోళుల ఆడపడుచు. అతని భార్య అమ్మంగ రాజేంద్ర చోళుడి కూతురు. మేనల్లుడూ అల్లుడూ అయిన రాజరాజుకు సాయంగా రాజేంద్రుడు సేనను పంపాడు. పశ్చిమ చాళుక్యుల కర్ణాట సేనతో జరిగిన యుద్ధంలో ముగ్గురు చోళ సేనానులు నేలకొరిగారు. వారి స్మృతిగా రాజరాజు కలిదిండిలో మూడు శివాలయాలు కట్టించి, వాటికి దానం చేసిన సంగతి ఆ రేకుల మీద ఉంది. అంటే 11వ శతాబ్దికే అది మూడు గుళ్ళు కట్టించదగిన ఊరు. ఇవాళ ఆధార్ కార్డు మీద 'కలిదిండి' అని అచ్చయిన ప్రతిచోటా దాదాపు వెయ్యేళ్ళ నాటి మాట ఒకటి ఉన్నట్టే. ఇంతటి సాక్ష్యం దొరికే ఇంటిపేర్లు అరుదు. ఆ ఇంటిపేరు గల పిల్లలు ఒక్కసారైనా వినవలసిన కథ ఇది.

ఏ ఊరి పేరు ఇంటిపేరవుతుందన్న దానికీ ఒక తీరుంది. ఊరు, పాడు, పూడి, మర్రు, పర్రు, వోలు, పల్లి చివరనున్నవి ఇంటిపేర్లలో విరివిగా కనిపిస్తాయి. పాడు అంటే శిథిలమని అనుకోకూడదు. ఊరు అనే అర్థంలో వాడిన పాత మాట అది. పర్రు నీరు నిలిచే పల్లపు నేలను గుర్తుచేస్తుంది. ఏలూరు చుట్టుపక్కలే చాటపర్రు, శ్రీపర్రు, కలపర్రు అని ఇలాంటి ఊళ్ళు వరసగా ఉన్నాయి. వోలు అనేది ప్రోలు అరిగిన రూపం. నిడదవోలు ఒకప్పటి నిరవద్యప్రోలు. వీటికి ఎదురుగా గూడెం, పేట, పాలెం, లంక చివరనున్న పేర్లు ఈ సీమ ఊళ్ళలో కొల్లలుగా ఉన్నా, ఇంటిపేర్లలో అరుదు. ఇంటిపేర్లు కుదురుకునే కాలానికి ఉన్న పెద్ద ఊళ్ళు ఒక రకం, వాటి పంచన తర్వాత వెలిసినవి ఇంకో రకం అని దీన్ని అర్థం చేసుకోవచ్చు.

తాడేపల్లిగూడెం ఇందుకు మంచి ఉదాహరణ. రైలు, మార్కెట్టు కలిసి పెంచిన పట్టణమిది. దాన్ని 'గూడెం' అనే పిలుస్తారు. అయినా తాడేపల్లిగూడెం వారు అనే ఇంటిపేరు వినిపించదు. తాడేపల్లి వారు మాత్రం తెలుగునాట చాలాచోట్ల ఉన్నారు. తాటిచెట్లు లేని తెలుగు పల్లె ఉండదు కాబట్టి, తాడి పేరుతో ఊళ్ళు ఎన్నైనా ఉంటాయి. గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున కూడా తాడేపల్లి ఉంది. సంస్కృత పండితుడు తాడేపల్లి రాఘవనారాయణశాస్త్రి అప్పట్లో ఆ జిల్లాలోనే ఉన్న చందవోలుకు చెందినవారు. పేరు కలిసిందని గూడేనికి అంటగట్టడం తొందరపాటు. ముదునూరుదీ ఇదే చిక్కు. పెంటపాడు మండలంలో ఒక ముదునూరు ఉంది, ఉయ్యూరు దగ్గర ఇంకోటి ఉంది. నిడమర్రు మంగళగిరి వైపునా ఉంది. ఇలాంటి చోట్ల ఇంటిపేరు ఒక్కటే చాలదు. గోత్రం, ఇలవేల్పు, పెద్దలు చెప్పుకునే పాత ఊళ్ళ వరస అన్నీ కలిపి చూడాలి.

ఊరి పేరు లేని ఇంటిపేర్లూ ఇక్కడ చాలా ఉన్నాయి. 1880లో ఏలూరు దగ్గరి గుండుగొలనులో పుట్టిన పట్టాభి సీతారామయ్య ఇంటిపేరు భోగరాజు. అది ఊరి పేరులా కాక మనిషి పేరులా ధ్వనిస్తుంది. కైకలూరు నుంచి 2009లో శాసనసభకు ఎన్నికైన వెంకటరమణ ఇంటిపేరు జయమంగళ. ఇందులో ఊరూ లేదు, పాడూ లేదు, ఔపవిభక్తికమూ లేదు.

ఇంటిపేరును కులానికి గుర్తుగా చూసే అలవాటు బలంగా ఉన్నా, ఊరి ఇంటిపేర్ల విషయంలో అది సరిగ్గా కుదరదు. ఒకే ఊరి నుంచి బ్రాహ్మణులూ, కాపులూ, కమ్మవారూ, చేనేతవారూ ఎవరి దారిన వారు వలస వెళ్ళి ఉండవచ్చు, అందరికీ అదే పేరు అంటుకుని ఉండవచ్చు. అందుకే పెళ్ళి మాటల్లో ఇంటిపేరు తర్వాత గోత్రం అడుగుతారు. అయితే ఒకే కులంలో ఇంటిపేరు ఒకటైతే సాధారణంగా సంబంధం కలుపుకోరు, అన్నదమ్ముల వరస అంటారు. శుభలేఖ మీద రెండు ఇంటిపేర్లు ఎదురెదురుగా ఉంటాయి. అంటే ఎప్పుడో వదిలి వచ్చిన రెండు ఊళ్ళు ఆ కాగితం మీద వియ్యమందుకుంటాయన్నమాట. పెళ్ళయిన ఆడపిల్ల అత్తింటి ఇంటిపేరులోకి మారడం ఆనవాయితీ. ఇప్పుడు చదువు సర్టిఫికెట్ల కోసం చాలామంది పుట్టింటిదే ఉంచుకుంటున్నారు.

బడి రిజిస్టర్లు, భూమి పట్టాలు వచ్చాక ఇంటిపేర్లు బిగుసుకుపోయాయి. అంతకుముందు మళ్ళీ ఊరు మారితే ఇంటిపేరూ మారే వీలుండేది. తర్వాత ఒక్క అక్షరానికి కుదించుకున్నారు: కె., ఎన్., పి. అని. పాస్‌పోర్టు వచ్చి ఆ అక్షరాన్ని మళ్ళీ పూర్తిగా విప్పించింది, విప్పించి చివరికి నెట్టింది. జార్జియా టెక్‌లో లోహాలు, పదార్థాల మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ పేరు పత్రాల్లో సూర్య కలిదిండి అని ఉంటుంది. తెలుగు చెవికి వరస తిరగబడిన మాట అది. 'కలిదిండి' ముందుండి పిలవాల్సిన పేరు వెనక్కి వెళ్ళింది. అమెరికాలో దశాబ్దాలుగా ఉంటూ తెలుగు కథలు రాసిన రచయిత్రి మాత్రం సంతకంలో పాత వరసే ఉంచుకున్నారు: నిడదవోలు మాలతి.